తిరిగి తెస్తానన్న మాట మీద సముద్రం దాటే బండి

(విజయవాడలో బైక్ ప్రయాణికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఖమ్మం నుంచి, రాజమండ్రి నుంచి కూడా బండ్ల మీద వచ్చారని నిర్వాహకులు చెప్పారు. ఈ ఎండలో అంత దూరం వచ్చినవాళ్లకు ముందుగా నా దండాలు.

మాది సూళ్లూరుపేట. చెన్నై హార్బర్ దగ్గర, సరుకుకు కస్టమ్స్ అనుమతులు ఇప్పించే క్లియరింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా చేతుల మీదుగా మిర్చి వెళ్తుంది, గ్రానైట్ వెళ్తుంది, రొయ్యలు వెళ్తాయి. ఎప్పుడో ఒకసారి ఒక కుర్రాడో అమ్మాయో సొంత బండిని తీసుకొచ్చి, "దీన్ని ఓడెక్కించాలి సార్, అవతల నేను నడుపుకోవాలి" అంటారు. ఆ రోజు నాకు పని మీద ఉత్సాహం రెట్టింపవుతుంది. అలాంటివాళ్లు ఏ కాగితం దగ్గర ఆగిపోతారో, ఎక్కడ అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారో చూసి చూసి, ఈ మాటలు ఎవరో ఒకరు ముందే చెప్పాలనిపించింది. అందుకే పిలవగానే ఒప్పుకున్నాను.

ఓడ అసలు ఎందుకు అన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మ్యాప్‌లో చూస్తే ఉత్తరాన మనకు అన్ని వైపులా నేలే ఉంది. కానీ బండితో దాటగలిగే సరిహద్దులు చాలా తక్కువ. పడమర వైపు అట్టారీ–వాఘా దారి 2025 ఏప్రిల్‌లో మూతపడింది. అంతకు ముందు కూడా మనవాళ్లకు బండితో సహా పాకిస్తాన్ వీసా దొరకడం చాలా అరుదు. చైనాలోకి సొంత బండితో వెళ్లాలంటే అక్కడి ఏజెన్సీ ద్వారా ముందే అనుమతులు తెచ్చుకోవాలి, అక్కడి తాత్కాలిక లైసెన్స్ కావాలి, దారి పొడవునా గైడ్ ఉండాలి. తూర్పున మణిపూర్‌లోని మోరే మీదుగా మయన్మార్ దారి కొన్నాళ్లు మంచి ఆశ కలిగించింది. హైదరాబాద్ నుంచి జై భారతి గారి నాయకత్వంలో నలుగురు మహిళలు 2018లో మోటార్‌సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాలకు బయలుదేరింది ఆ వైపే. మన తెలుగు నేల నుంచి అలా వెళ్లారని తలుచుకుంటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ దారిని నమ్ముకుని ప్లాన్ వేయలేని పరిస్థితి వచ్చింది.

కాబట్టి నేపాల్, భూటాన్ లాంటి దగ్గరి దేశాలు దాటి పోవాలంటే బండి ఓడో విమానమో ఎక్కాల్సిందే. పడమరకు పోయేవాళ్లు ముంబై నవా షేవా నుంచో ముంద్రా నుంచో దుబాయ్ జెబెల్ అలీకి పంపుతారు. తూర్పుకు పోయేవాళ్లు చెన్నై నుంచి మలేషియా పోర్ట్ క్లాంగ్‌కు పంపుతారు. విమానమైతే శంషాబాద్ కార్గో నుంచి కూడా వెళ్తుంది.

ఇప్పుడు అసలు విషయం. మీరు బండిని ఇంకో దేశంలో దింపగానే అక్కడి కస్టమ్స్ ఆఫీసరుకు ఒకే అనుమానం ఉంటుంది. ఇతను దీన్ని ఇక్కడే అమ్మేస్తాడా, తిరిగి తీసుకుపోతాడా? అమ్మితే దిగుమతి సుంకం రావాలి. తీసుకుపోతే సుంకం అక్కర్లేదు. మీరు కట్టే ప్రతి రూపాయి, చూపించే ప్రతి కాగితం ఈ ఒక్క అనుమానాన్ని తీర్చడానికే. "తిరిగి తీసుకుపోతాను" అని మీరు మాట ఇస్తున్నారు. ఆ మాటకు జామీను కావాలి. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా గందరగోళమంతా చాలావరకు విడిపోతుంది.

ఆ జామీనుగా చూపించే పుస్తకం పేరే కార్నెట్. పూర్తి పేరు కార్నెట్ ద పాసాజ్ ఆన్ దువాన్. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ దగ్గర తీసుకుంటారు. బండి విలువను బట్టి, వెళ్లే దేశాలను బట్టి వాళ్లు బ్యాంక్ గ్యారంటీ అడుగుతారు. ఆ సొమ్ము ఖర్చు కాదు, కానీ యాత్ర ముగిసి పుస్తకం తిరిగి అప్పజెప్పేదాకా చేతిలో ఉండదు. బడ్జెట్ వేసేటప్పుడు చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. ఓడ ఖర్చు, వీసాలు, పెట్రోల్ అన్నీ రాసుకుని, చివర్లో ఈ గ్యారంటీ దగ్గర టెన్షన్ పడతారు. మొదట దీన్ని తేల్చుకుని, మిగిలిన డబ్బుతో రూటు వేసుకోండి.

కార్నెట్ పుస్తకంలో ఒక్కో పేజీ ఒక్కో ప్రవేశానికి. పేజీలో మూడు భాగాలుంటాయి. దేశంలోకి వెళ్లేటప్పుడు కింది ముక్కను కస్టమ్స్ వాళ్లు చింపుకుంటారు. బయటికి వచ్చేటప్పుడు మధ్య ముక్కను తీసుకుంటారు. పై భాగం పుస్తకంలోనే ఉంటుంది, దాని మీద రెండు ముద్రలూ పడాలి. లోపలికి వచ్చిన ముద్ర, బయటికి పోయిన ముద్ర. రెండోది లేకపోతే, ఆ దేశం దృష్టిలో మీ బండి ఇంకా అక్కడే ఉంది. మీరు కాకినాడలో ఇంటి ముందు దాన్ని తుడుచుకుంటూ ఉన్నా సరే, సుంకం కట్టమని నోటీసు వస్తుంది.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నాకు తెలిసిన ఒక కుర్రాడికి అలాగే జరిగింది. రాత్రి వేళ ఒక సరిహద్దు దాటాడు. పాస్‌పోర్టు మీద ముద్ర పడింది, కౌంటర్‌లో కూర్చున్నాయన ఇక వెళ్లమని చెయ్యూపాడు. కస్టమ్స్ గది పక్క భవనంలో ఉందని ఆ అబ్బాయికి తెలియదు. నెలల తర్వాత ఆ పేజీ సగం ఖాళీగా ఉందని ఇక్కడ తేలింది. అదృష్టం ఏమిటంటే, దీనికొక మందు ఉంది. బండి ఫలానా తేదీన ఫలానా చోట ఉందని కస్టమ్స్ అధికారో పోలీసులో రాయబార కార్యాలయమో ఛాసిస్ నంబర్ చూసి ధ్రువీకరించే పత్రం ఒకటి ఉంటుంది. దానితో బయటపడ్డాడు. కానీ అంతకాలం ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, వాళ్ల నాన్నగారు నాకు రోజూ ఫోన్ చేసేవారు. అందుకని సరిహద్దు దగ్గర ఎంత రాత్రయినా, ఎంత వానైనా, ఆ పేజీ కళ్లారా చూసుకోకుండా బండి స్టార్ట్ చేయకండి.

కార్నెట్ అన్ని దేశాలకూ అక్కర్లేదు. ఇరాన్, ఆస్ట్రేలియా, జపాన్, కెన్యా లాంటి చోట్ల కావాలి. యూరోపియన్ యూనియన్‌లో బయటి దేశపు బండిని పర్యాటకుడు ఆరు నెలల వరకు ఉంచుకోవచ్చు, ఈ పుస్తకం అడగరు. తుర్కియేలో బండిని మీ పాస్‌పోర్టుకు ముడిపెట్టి నమోదు చేస్తారు. దక్షిణ అమెరికాలో చాలా దేశాలు సరిహద్దులోనే తాత్కాలిక దిగుమతి పత్రం రాసిస్తాయి. పద్ధతి ఏదైనా అడిగేది అదే మాట, తిరిగి తీసుకుపోతానని. థాయ్‌లాండ్ సంగతి వేరు. 2016 నుంచి మన లాంటి దేశాల బండ్లకు అక్కడి టూర్ ఆపరేటర్ ద్వారా ముందస్తు అనుమతి తప్పనిసరి చేశారు. పోర్ట్ క్లాంగ్‌లో బండి దింపుకుని నేరుగా ఉత్తరానికి పోదామనుకునేవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇక బండిని సర్ది పంపే పెట్టె దగ్గరికి వస్తాను. డబ్బు ఎక్కువగా పోయేదీ, కాస్త ఓపిక పడితే ఎక్కువగా మిగిలేదీ ఇక్కడే.

విమానంలో సరుకుకు ఉత్త బరువు చూసి రేటు కట్టరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, 6000తో భాగిస్తారు. వచ్చిన అంకెను కిలోలుగా లెక్కిస్తారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కట్టాలి. దూదిబస్తా తేలికే కానీ బండి నిండా చోటు పట్టేస్తుంది కదా, అందుకే ఈ పద్ధతి.

మీలో చాలామంది దగ్గర ఉన్న బండే తీసుకుందాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450. బరువు సుమారు 196 కిలోలు, పొడవు రెండుంపావు మీటర్లు. ఏమీ విప్పకుండా, అద్దాలతో, ముందు గ్లాసుతో సహా నిలబెట్టి చుట్టూ చెక్క కట్టారనుకోండి. 235 పొడవు, 95 వెడల్పు, 140 ఎత్తు. గుణించి భాగిస్తే 520 కిలోలు దాటుతుంది. ఇప్పుడు ముందు చక్రం విప్పండి, ఫోర్కు కిందికి దింపండి. హ్యాండిల్ విప్పి ట్యాంకు మీద దుప్పటి పరిచి కట్టండి. అద్దాలు, గ్లాసు, పక్క పెట్టెలు తీసేయండి. 200, 75, 115లో సర్దవచ్చు. లెక్క 288 కిలోలకు దిగుతుంది. చెక్కతో కలిపి అసలు బరువు రెండువందల యాభై అటూ ఇటూ ఉంటుంది. అంటే గాలికి కట్టే డబ్బు దాదాపు పోయినట్టే. ఒక పూట మెకానిక్ పని, సగానికి దగ్గరగా ఛార్జీ తగ్గింది. సముద్రంలో ఒక్క బండిని ఇతరుల సరుకుతో కలిపి పంపితే ఘనపు మీటర్ల లెక్క. అక్కడ కూడా ఇదే పెట్టె 3.1 నుంచి 1.7కు వస్తుంది.

విప్పిన ప్రతి బోల్టూ మీరే విప్పండి, లేదా మెకానిక్ విప్పుతుంటే పక్కనే ఉండండి. అవతల గోదాములో బిగించాల్సింది మీరు. టార్క్ రెంచ్ కాకపోయినా సరైన సైజు స్పానర్లు మీ వెంట ఉండాలి. విమానం ఎక్కుతుంటే చెకిన్ బ్యాగులో వేయండి, క్యాబిన్ బ్యాగులో తీసుకుపోతుంటే సెక్యూరిటీ ఆపేస్తుంది.

పెట్టెలో బండిని స్టాండు మీద నిలబెట్టకూడదు. ఓడ ఊగుడుకు స్టాండు వంగుతుంది, లేదా అడుగు చెక్కను చీల్చుకుని దిగుతుంది. నాలుగు వైపుల నుంచి ర్యాచెట్ పట్టీలు వేసి, సస్పెన్షన్ సగం దిగేలా లాగి కట్టాలి. పూర్తిగా నొక్కేస్తే నెల రోజుల్లో ఫోర్కు సీళ్లు పోతాయి. ప్లాస్టిక్ కవరుతో గాలి ఆడకుండా చుట్టకండి. కంటైనర్ లోపల పగలు వేడి, రాత్రి చల్లదనం. తేమంతా పైకప్పుకు పట్టి చుక్కలుగా రాలుతుంది. చెయిన్‌కు గ్రీజు దట్టంగా రాసి, తేమ పీల్చే సిలికా సంచులు పడేసి, పైన వదులుగా కప్పండి.

చెక్క గురించి కూడా ఒక మాట. పెట్టెకు వాడే ముడి చెక్కకు అంతర్జాతీయ నియమం ఉంది, ఐఎస్‌పీఎం 15 అంటారు. మామూలుగా చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడి కనీసం 30 నిమిషాలు తగలాలి, పురుగు చావాలి. అలా చేసినట్టు గోధుమ కంకి గుర్తుతో ముద్ర వేస్తారు. వీధి చివర వడ్రంగి మంచి పనివాడే కావచ్చు, ఆ ముద్ర మాత్రం ఆయన వేయలేడు. ముద్ర లేని పెట్టెను అవతల తగలబెట్టమంటారు, లేదా వెనక్కి పంపమంటారు. షోరూములో కొత్త బండి దిగిన ఇనుప ఫ్రేము అడిగి చూడండి. ఇస్తే ఆ గొడవే ఉండదు.

మోటార్‌సైకిల్‌ను విమానాల వాళ్లు ప్రమాదకర సరుకుల్లో తొమ్మిదో తరగతి కింద లెక్కిస్తారు. నియమం ప్రకారం ట్యాంకులో పావు వంతు మించి పెట్రోల్ ఉండకూడదు. ఎయిర్‌లైన్స్ చాలావరకు పూర్తిగా తీసేయమనే అంటాయి. బ్యాటరీ గట్టిగా బిగించి, తీగలు ఊడదీసి, కొసలకు టేపు చుట్టాలి. ప్రమాదకర సరుకుల డిక్లరేషన్ శిక్షణ ఉన్న మనిషే నింపాలి. ఇవన్నీ ఏజెంట్ చూసుకుంటాడు. ఆయన చూడలేనిది మీ సామాను. చెయిన్ లూబ్ స్ప్రే డబ్బా, వంట గ్యాస్ చిన్న సిలిండర్, పంక్చర్ జిగురు, పవర్ బ్యాంక్. ఇవి ప్రేమగా పక్క పెట్టెల్లో సర్దేస్తారు. ఎక్స్‌రేలో ఒక్కటి కనిపించినా సరుకంతా ఆగుతుంది. అవతల కొనుక్కోండి, అక్కడా చెయిన్లున్నాయి, అక్కడా లూబ్ దొరుకుతుంది.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు బండిని కడగడాన్ని పూజలా చేయాలి. మట్టి, విత్తనం, గడ్డిపరక, చచ్చిన పురుగు, ఏదీ ఉండకూడదు. రేడియేటర్ రెక్కల మధ్య, మడ్‌గార్డు లోపల, చెయిన్ కవరు కింద, టైరు గాడుల్లో చూస్తారు. మన పొలాల మట్టి వాళ్లకు ఒక రోగం మోసుకొచ్చే దారి. వాళ్ల వ్యవసాయాన్ని కాపాడుకోవడానికి అంత పట్టుగా ఉంటారు, నాకు అందులో తప్పు కనిపించదు. ఆస్ట్రేలియాలో ఇంకొకటి, ఆస్బెస్టాస్ ఉన్న వస్తువు ఏదీ దేశంలోకి రానివ్వరు. పాత బుల్లెట్ మీద వెళ్లాలనుకునేవాళ్లు బ్రేకు లైనింగులూ గ్యాస్కెట్లూ ఏ పదార్థంతో చేసినవో ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు నా సొంత రంగం గురించి నిజం చెప్తాను. సముద్రం మీద పంపడానికి ఏజెంట్ చెప్పే రేటు ఒక్కోసారి ఆశ్చర్యపోయేంత తక్కువగా ఉంటుంది. అది ఓడ కూలి మాత్రమే. అవతల రేవులో కంటైనర్ దింపడానికి, గోదాముకు చేర్చడానికి, విప్పడానికి, డెలివరీ ఆర్డర్ ఇవ్వడానికి, రోజుల అద్దెకు, అన్నింటికీ వేరు వేరు బిల్లులు. అవి కలిస్తే ఓడ కూలిని మించిపోతాయి. ఆ సమయానికి బండి వాళ్ల గోదాములో ఉంటుంది, మీరు బేరమాడే స్థితిలో ఉండరు. కాబట్టి ఇక్కడ ఉండగానే ఏజెంట్‌ను ఒక్కటే అడగండి. "బండి నా చేతికి వచ్చి గేటు దాటేదాకా మొత్తం ఎంత? రాసివ్వండి." రాసివ్వలేనివాడి దగ్గర తక్కువ రేటు ఉన్నా వద్దు. మీ డబ్బు కోసం చెప్తున్నాను, ఈ మాట వల్ల మా వాళ్లలో కొందరికి నా మీద కోపం వచ్చినా ఫర్వాలేదు.

నలుగురైదుగురు కలిసి ఒక ఇరవై అడుగుల కంటైనర్ మొత్తం తీసుకుంటే ఈ బాధ బాగా తగ్గుతుంది. లోపల ఆరు మీటర్లకు కాస్త తక్కువ పొడవుంటుంది. పెట్టెలు కూడా అక్కర్లేదు, బండ్లను నేరుగా అడుగు చెక్కకు బిగించవచ్చు. ప్రపంచంలో బైక్ ప్రయాణికులు దీన్ని బాగా అలవాటు చేసుకున్న చోటు పనామా, కొలంబియాల మధ్య. అలాస్కా నుంచి అర్జెంటీనా దాకా పోయే రహదారి అక్కడ డేరియన్ అడవిలో సుమారు వంద కిలోమీటర్ల మేర తెగిపోతుంది. రోడ్డే లేదు. కొలోన్ రేవులో ముక్కూ మొహం తెలియని ఇద్దరు ముగ్గురు రైడర్లు కలిసి ఒక కంటైనర్ పంచుకుని కార్టహేనాకు పంపుకుంటారు. మనవాళ్లు కూడా అలా ముందే జట్టు కట్టడం నేర్చుకోవాలి. ఇక్కడ ఇంతమంది ఉన్నారు, ఈ సాయంత్రమే ఫోన్ నంబర్లు మార్చుకోండి.

ఇన్సూరెన్స్ విషయంలో రెండు వేర్వేరు సంగతులున్నాయి, కలిపేయకండి. మన మోటారు పాలసీ మన దేశానికే. అదనంగా కట్టి నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి కొన్ని దేశాలకు పొడిగించుకోవచ్చు, అంతే. మిగతా చోట్ల థర్డ్ పార్టీ బీమా అక్కడే కొనాలి. రెండోది రవాణా బీమా, మెరైన్ పాలసీ. బండికి గీత పడితేనే పనికొస్తుందనుకుంటారు. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు ఇరుక్కుంది, గుర్తుందా? ఆ తర్వాత ఓడ యజమానులు జనరల్ ఆవరేజ్ ప్రకటించారు. అంటే ఓడను కాపాడటానికి అయిన ఖర్చులో అందులో సరుకున్న ప్రతి ఒక్కరూ వాటా భరించాలి. మీ బండికి చిన్న దెబ్బ కూడా తగలకపోయినా సరే. జామీను ఇచ్చేదాకా సరుకు వదలరు. ఇది వందల ఏళ్ల నాటి సముద్ర న్యాయం. మెరైన్ పాలసీ ఉంటే ఆ వాటా బీమా కంపెనీ చూసుకుంటుంది. తీసుకునేటప్పుడు జనరల్ ఆవరేజ్ కవర్ అవుతుందో లేదో చదివి తీసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: బండి మా నాన్నగారి పేరు మీద ఉందండి. లోన్ కూడా ఉంది.)

మంచి ప్రశ్న తమ్ముడూ. లోన్ ఉంటే ఫైనాన్స్ ఇచ్చినవాళ్ల నుంచి, బండిని దేశం బయటికి తీసుకుపోవడానికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా కావాలి. కుదిరితే లోన్ తీర్చేసి, ఆర్సీలో ఆ పేరు తీయించుకుని వెళ్లడం మేలు. నాన్నగారి పేరు మీద ఉంటే ఆయన ఇచ్చిన అధికార పత్రం నోటరీ చేయించి పెట్టుకోవాలి. నా సలహా అడిగితే, ముందే బండిని నీ పేరు మీదికి మార్పించుకో. ఆర్సీ, కార్నెట్, ఓడ బిల్లు, పాస్‌పోర్టు, నాలుగింటిలో ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ ఉంటే ఎక్కడా ఎవరూ ఆపరు. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటాయి. అది మనకు మామూలే, అవతల ఆఫీసరుకు మాత్రం ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది.

(ఒక మహిళ: విమానమా, ఓడా? ఏది మంచిదండీ?)

మీకున్న సెలవును బట్టి అమ్మా. విమానంలో తేదీ మీద నమ్మకం ఉంటుంది. ఓడలో ఉండదు. చెన్నై నుంచి పోర్ట్ క్లాంగ్ దగ్గరే, కానీ కలిపి పంపే సరుకు కొలంబోలోనో సింగపూర్‌లోనో ఇంకో ఓడకు మారడానికి ఆగవచ్చు. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలయ్యాక యూరప్‌కు పోయే ఓడలు ఎన్నో ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, రెండు వారాల దాకా ఆలస్యం అయ్యింది. నెల సెలవు పెట్టి వెళ్లేవాళ్లు ఓడ నమ్ముకుంటే ఆ నెల హోటల్ గదిలోనే గడిచిపోతుంది. ఏడాది తిరిగేవాళ్లకు ఓడ చాలు. ఓడలో పంపినా మీరు మాత్రం బండి రేవు చేరిందని ఖాయమయ్యాకే విమానం టికెట్ తీసుకోండి.

(మరొకరు: తిరిగి వచ్చేటప్పుడు మన కస్టమ్స్ వాళ్లు సుంకం అడుగుతారా?)

వెళ్లేటప్పుడు సరిగ్గా వెళ్తే అడగరు. ఇక్కడి నుంచి పంపేటప్పుడు మా వాళ్లు షిప్పింగ్ బిల్లు, అంటే కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం వేస్తారు. అందులో ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఉండాలి. ఆఫీసరు బండి మీద నంబర్లతో సరిచూసి సంతకం పెట్టాలి. కార్నెట్‌లో కూడా ఇక్కడి నుంచి బయటికి పోయినట్టు ముద్ర పడాలి. మూడేళ్ల లోపు అదే బండి తిరిగి వచ్చిందని ఆ కాగితంతోనే రుజువవుతుంది. దారిలో ఇంజన్ మార్చాల్సి వస్తే, ఎక్కడ మార్చారో బిల్లు తీసుకుని, నంబర్ మార్పును కార్నెట్ ఇచ్చిన సంస్థకు వెంటనే తెలపండి. షిప్పింగ్ బిల్లు నకళ్లు రెండు తీసి ఒకటి ఇంట్లో ఉంచండి, ఇంకోటి ఫోన్‌లో పెట్టుకోండి. బండి వచ్చాక కార్నెట్ పుస్తకాన్ని ముంబైకి అప్పజెప్పండి. వాళ్లు ప్రతి పేజీ చూసి, అన్నీ సరిగా ఉంటే బ్యాంక్ గ్యారంటీ విడిపిస్తారు. కార్నెట్ గడువు ఒక్క ఏడాదే. యాత్ర పొడిగించాలనిపిస్తే గడువు ముగియక ముందే వాళ్లకు రాయండి, ముగిశాక కాదు.

ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే కింద నా బల్ల దగ్గర పాత కార్నెట్ ఒకటి ఉంది, దాని యజమాని అనుమతితోనే తెచ్చాను. ముద్రలు ఎలా పడతాయో పేజీలు తిప్పి చూడండి.